ఈతొస్తే పుట్నాలు పంచాలి

మా ఆయన జనగామలో ఒక బడికి సొంత వ్యాను నడుపుతాడు. నేను ఇంట్లో మిషను కుడతాను. అందుకే మా ఇంట్లో ఎండాకాలం సెలవులు పిల్లలిద్దరికే కాదు, నలుగురికీ వస్తాయి. జూన్‌లో బడి బట్టల గిరాకీ మొదలైతే నాకు తల దువ్వుకునే తీరిక ఉండదు. ఆయన హారన్ మోత పొద్దున ఆరింటికే మొదలవుతుంది. మే నెల మాత్రం మాది. ఏటా ఆ నెలలో మా తల్లిగారింటికి పోతాం. రేగొండ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. అక్కడ మా అవ్వ, తమ్ముడు ఉంటారు. మా దగ్గర చాలా ఇళ్లలో తల్లిని అవ్వ అనే పిలుస్తారు, నేనూ అంతే.

రెండేళ్ల కిందటి ఎండాకాలం మాత్రం వేరు. ఆ ఏడు వ్యాను ఒక్కరోజూ నీడన నిలబడలేదు. వెనక అద్దం మీద ‘లోపల పిల్లలున్నారు, జాగ్రత్త’ అని రాసి ఉంటుంది. లోపల చూస్తే కుక్కరు, చాపలు, ఒక కోడి, మేము. పొద్దున్నే అడవికి పోయి మొర్రిపండ్లు ఏరుకున్నాం. తాటిచెట్ల కింద కూర్చుని ముంజలు తిన్నాం. మా ఆయన పుట్టింది మహబూబాబాద్ దగ్గర. ఆయన ఇప్పటికీ మానుకోట అనే అంటాడు. ఆయన లెక్కలో మామిడికాయ పులుపైనా, మిరపకాయ కారమైనా, ఆఖరికి ఎండ వేడైనా మానుకోటలోనే అసలైనవి. ముంజ నోట్లో పెట్టుకుని కూడా అదే మాట అన్నాడు. మా తమ్ముడు ఆయన చేతిలో మిగిలిన ముంజలు లాక్కుని, మానుకోటకు పోయి తినమన్నాడు.

మా కొడుకు పుట్టినరోజు తమ్ముడి మామిడితోటలో చేశాం. కేకు కోసం ఎక్కడికి పోతాం? పెద్ద పుచ్చకాయ మీద కొవ్వొత్తి నిలబెడితే అది గాలికి మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోసారి వాడికి విసుగొచ్చి వెలిగించకుండానే కోసేశాడు. గింజలు కింద పడకుండా తిన్నవాడికే రెండో ముక్క అని మా కూతురు షరతు పెట్టింది. దానికి పద్నాలుగేళ్లు. ఎక్కడికి పోయినా ఎవరు ఏం చెయ్యాలో అదే చెప్తుంది. ఆ పోలిక నాదేనని ఆయన అంటాడు.

ఆ తరువాతి ఆదివారం కాళేశ్వరం పోయాం. గోదావరిలో ఒడ్డు దగ్గర నడుము లోతు నీళ్లున్నాయి. అందరూ దిగారు. నేను చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని పాదాలు తడుపుకున్నాను. నెత్తి మీద ఇన్ని నీళ్లు చల్లుకుని, ఒడ్డున కూర్చుని, ఫోన్‌లో అందరి ఫోటోలు తీశాను. తిరిగి వస్తుంటే మహదేవపూర్ దగ్గర మా కూతురు ఆ ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఒక్కదాంట్లో కూడా నేను లేనంది. తీసింది నేనే కదా అన్నాను. కానీ ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. పాత ఫోటోలు కూడా తీసి చూసింది. చెరువు, కాలువ, గోదావరి, ఎక్కడా నీళ్లలో నేను లేను. “నీకు నీళ్లంటే భయమా అమ్మా?” అని అడిగింది.

భయమే. కానీ పుట్టుకతో వచ్చింది కాదు. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. వ్యవసాయ బావి గట్టు మీది నుంచి దూకి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్ల దాకా ఈదుకుంటూ వస్తేనే ఈత వచ్చినట్టు. వచ్చినవాళ్లు ఆ రోజు బావి దగ్గరున్న అందరికీ పుట్నాలు, బెల్లం పంచాలి. నాకు పన్నెండేళ్లప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని నేర్చుకున్నాను. బుర్రలు విప్పేసి కూడా ఈదాను. దూకడం ఒక్కటే మిగిలింది. ఆ రోజే మా అవ్వ పత్తికట్టె పట్టుకుని బావి దగ్గరికి వచ్చింది. పెద్దదాన్ని అవుతున్నానని, రేపటి నుంచి నీళ్లల్లో కనబడితే కాళ్లు విరగ్గొడతానని చెప్పి ఇంటికి నడిపించుకుపోయింది. నా తరువాత నేర్చుకున్న తమ్ముడు ఆ ఏడే పుట్నాలు పంచాడు. వాడి దోస్తులూ పంచారు. అందరివీ నేను తిన్నాను. ముప్పై ఏళ్లు గట్టు మీదే కూర్చున్నాను, కూర్చున్నకొద్దీ నీళ్లు లోతుగా కనబడ్డాయి.

మా కూతురికి ఇదంతా చెప్పాను. వ్యాను రేగొండ చేరేలోపల అది నిర్ణయం చేసేసింది. ఇంకా పదహారు రోజులున్నాయి, అమ్మ గట్టు మీది నుంచి దూకాకే జనగామకు పోవాలి. ఎగతాళి చేస్తాడని ఆయన వైపు చూశాను. ఆయన గేరు మార్చుకుంటూ సరేనని తలూపాడు. నాకూ ఆ మాట మనసులో పడిపోయింది. ఈసారి కాకపోతే ఇక ఎప్పటికీ కాదనిపించింది.

బావి మా తమ్ముడిదే. రాతికట్టు బావి, ఒక పక్క మెట్లు. ఎండలకు నీళ్లు గట్టుకు రెండు మనిషి నిలువుల కిందికి పోయాయి, అయినా కాలు అందదు. ఇప్పుడు సొరకాయ బుర్రలెక్కడివి? ఖాళీ నూనె డబ్బాలు రెండు తువ్వాలతో నా వీపుకు కట్టారు. పంజాబీ డ్రెస్సు వేసుకుని, వీపున డబ్బాలతో మెట్లు దిగుతుంటే నా కొడుకు నవ్వి నవ్వి కూలబడ్డాడు. మొదటి రోజు నేను తాగిన నీళ్లకు ఒక మడి పారేది. మా ఆయన బడి పిల్లలకు చెప్పినట్టే చెప్పాడు, తొందరపడొద్దు, తోసుకోవద్దు, ఒకరి తరువాత ఒకరు. ఉన్నది నేనొక్కదాన్నే అని అరిచాను.

అవ్వకు మాత్రం చెప్పలేదు. బోరు కింద స్నానం చేసి వస్తున్నామని రోజూ ఒక అబద్ధం ఆడాను. నలభై రెండేళ్లొచ్చి, ఇద్దరు పిల్లల్ని కని, తల్లికి భయపడి తడి జుట్టు దాచుకుంటున్నానంటే నా మీద నాకే నవ్వొచ్చింది. ఆమె నా తల వైపు ఒకసారి చూసి, అన్నం వడ్డించేది.

ఆరో రోజు ఒక డబ్బా తీశారు. పదో రోజు రెండోదీ తీశారు. ఆ పొద్దున వెల్లకిలా తేలి పైకి చూస్తే గుండ్రంగా ఆకాశం, చెవుల్లో ఏ చప్పుడూ లేదు. నాకెంత సంతోషం వేసిందో ఎవరికీ చెప్పలేను. చిన్నపిల్లలా ఏడ్చాను కూడా. నీళ్లల్లో ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

దూకడం దగ్గరే వచ్చింది చిక్కు. మూడు రోజులు గట్టెక్కాను, మూడు రోజులూ మెట్ల మీదుగా దిగి వచ్చాను. కిందికి చూస్తే కాళ్లు నా మాట వినవు. జనగామకు పోవడానికి రెండు రోజులుందనగా సాయంత్రం వాకిట్లో కూర్చున్నప్పుడు మా ఆయన మెల్లగా ఒక సలహా ఇచ్చాడు. మెట్ల మీది నుంచి దూకినా ఈతేనట, ఎవరు అడగొచ్చారట. నాకు ఒళ్లు మండింది. నా ఈత గురించి తీర్పు చెప్పడానికి నువ్వెవరని మొదలుపెట్టి, పెళ్లినాటి ముచ్చట్ల దాకా పోయాను. అన్నం కూడా తినలేదు. అవ్వ ఊరి ఆ చివర చుట్టాలింటికి పోయి ఉంది కాబట్టి సరిపోయింది. వాడకట్టంతా మాత్రం విన్నది, నా గొంతు అట్లాంటిది.

తెల్లారి బావి దగ్గరికి పోయాం. డ్రెస్సు ఆరలేదని పాత చీర గోచి పెట్టి కట్టుకున్నాను. మా ఆయన, పిల్లలు, తమ్ముడు లోపల నీళ్లల్లో నా కోసం ఎదురుచూస్తున్నారు. పైన నేనొక్కదాన్నే. గట్టు అంచున నిలబడి, కళ్లు మూసుకుని, పైనున్న దేవుళ్లందరికీ చేతులు జోడించాను.

వెనక నుంచి ఎవరో నా నడుము గట్టిగా పట్టుకుని గుంజారు. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. పక్క చేనులో పత్తికట్టె ఏరుకుంటున్న ముసలామె. నిన్న సాయంత్రం గొడవ ఆమె కూడా విన్నది. “బిడ్డలున్న తల్లివి, గిట్ల చేస్తరా బిడ్డా? ఏ సంసారంల లేవు కొట్లాటలు?” అంటూ నన్ను వదలకుండా ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకు చుట్టుపక్కల చేలల్లోంచి పది మంది ఉరికొచ్చారు. ఒకాయన మా అవ్వకు చెప్పడానికి ఊళ్లోకి ఉరికాడు. ఇంతలో మా వాళ్లు ఒక్కొక్కరే నీళ్లు కారుతూ బావిలోంచి పైకి వచ్చారు. ముసలామె నన్ను వదిలి, నోరు తెరిచి వాళ్లను చూసింది.

“అందరు కలిసే దుంకిర్రా?” అంది.

ఎవరు ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. మా ఆయన్ను పట్టుకుని పెళ్లాన్ని ఎట్లా చూసుకోవాలో వివరంగా చెప్పింది. ఆయన తడి లుంగీతో చేతులు కట్టుకుని విన్నాడు. నేను వెంటనే అడ్డుపడలేదు. అందులో కొన్ని మాటలు ఆయనకు పనికొచ్చేవే.

అప్పుడే మా అవ్వ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, కాళ్లకు చెప్పుల్లేకుండా ఉరికొచ్చింది. ఊపిరి అందడం లేదు. నన్ను నిలువునా చూసింది, గోచి చీర చూసింది. “ఈత నేర్సుకుంటున్ననవ్వా” అన్నాను. ఆ క్షణం నాకు మళ్లీ పన్నెండేళ్లే. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇక చాలనుకుని గట్టు దిగబోయాను.

“ఎటు పోతున్నవ్?” అంది అవ్వ. “ఇంతమందిని ఉరికిచ్చి, దుంకకుంటనే పోతవా?”

ఆమె దగ్గరికి వచ్చి నా కొంగు నడుములో గట్టిగా దోపింది. “కిందికి సూడకు. ఎదురుంగ గా రాయిని సూడు. కాళ్లు దగ్గరికి పెట్టి పడు. మునిగినంక ఆగం కాకు, నీళ్లే పైకి తెస్తయి. తల తేలినంకనే చేతులాడియ్యి.”

ఆ రాయినే చూశాను. దూకాను. మునుగుతూ మునుగుతూ ఎంత కిందికి పోయానో తెలియదు, ఆమె చెప్పినట్టే కంగారు పడకుండా ఆగాను, నీళ్లే నన్ను పైకి తెచ్చాయి. మెట్ల దాకా ఈది రాయిని పట్టుకున్నాను. ఎవరి చెయ్యీ తగల్లేదు. పైకి చూస్తే గట్టు చుట్టూ తలకాయలు. అందరికంటే ముందు పుట్నాలు ఎక్కడని అడిగింది ఆ ముసలామే.

తమ్ముడు బండి మీద పోయి పుట్నాలు, బెల్లం తెచ్చాడు. తడి చీరతోనే అందరికీ నా చేతులతో పంచాను. ముసలామె రెండుసార్లు దోసిలి పట్టింది. చివరికి అవ్వ దోసిట్లో పోస్తూ, ఈత సంగతి నీకెట్లా తెలుసని అడిగాను.

“నేనేమన్న పుట్టంగనే ముసల్దాన్నయిన్నా?” అంది.

మా అవ్వ పుట్టింది మహదేవపూర్ అవతల, గోదారి ఒడ్డు ఊరు. అది నాకు తెలుసు. పెళ్లి దాకా రోజూ గోదారిలో ఇసుక దిబ్బ దాకా ఈది, తిరిగి వచ్చేదట. అది మాత్రం తెలియదు. ఇక్కడికి వచ్చాక, కోడళ్లు బావిలో దిగొద్దని అత్తగారింటివాళ్లు అన్నారట. అంతే, మళ్లీ దిగలేదు. వింటుంటే నాకు కోపం ముంచుకొచ్చింది. మరి నన్నెందుకు ఆపావని అందరి ముందే అడిగేశాను. ఆమె పుట్నాలు కొంగున పోసుకుని గట్టు మీద కూర్చుంది.

“నన్ను ఆపిన్నాడు నేనెంత ఏడ్చిన్నో, నిన్ను ఆపేటప్పుడు యాదికి రాలే బిడ్డా” అంది.

పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

మరునాడు పొద్దున్నే ప్రయాణం. సామాన్లన్నీ ఎక్కించాం. వెళ్లొస్తామని చెబుదామంటే ఇంట్లో అవ్వ లేదు. వాకిట్లో లేదు, పక్కింట్లో లేదు. మా కూతురు పిలిస్తే వచ్చి చూశాను. వ్యానులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుని ఉంది, ఒళ్లో ఒక పాత చీర మడత.

“మొదలు బాయి కాడికి పోనియ్యి బిడ్డా” అంది మా ఆయనతో. “ఎండెక్కకముందే పోదాం.”

మూడు గంటల దారే అయినా, ఆ రోజు మేం జనగామ చేరేసరికి సాయంత్రం అయింది.