బీగం అన్న మాట

రాసాత్తి కాలేజీ పత్రికకు మొదటిసారి రాసిన వార్తలో కల్యాణసుందరం సారు ఎర్ర పెన్సిలు పోనిచ్చాక మిగిలింది ఒకటో రెండో వాక్యాలు. ఆటల పోటీల మీద రాసిన వార్త అది. పేజీ నిండా వర్ణనలు కూర్చి, ఎంతో మురిసిపోతూ తెచ్చి ఇచ్చింది.

"ఉత్సాహం పొంగి పొర్లింది అన్నావు. ఎక్కడ పొంగిందమ్మా? పరుగులో ఎవరు గెలిచినారు? పడిపోయినవాడు లేచి మళ్లీ పరిగెత్తినాడా లేదా? అది రాయి. పొంగేది ఏదైనా ఉంటే చదివేవాడికి అదే పొంగుతుంది" అన్నాడాయన.

ఆయనది మదురై. నాయన జవుళి కొట్టు నడిపేవాడు. కోయంబత్తూరుకు ఇంగ్లీషు లెక్చరరుగా వచ్చి ఏడాది కూడా కాలేదు. పత్రిక చూసుకునే పనీ ఆయనకే అప్పగించారు. క్లాసులో ఇంగ్లీషు, వరండాలో తమిళం. రాసాత్తి ఒక్కతే ఉన్నప్పుడు మాత్రం తెలుగు. ఇద్దరి ఇళ్లలోనూ అదే మాట. ఎన్ని తరాల కిందట ఎక్కణ్ణించి దిగి వచ్చారో ఇద్దరికీ తెలియదు. రాసాత్తికి తెలుగు నోట్లో ఉందిగానీ చేతిలో లేదు. అక్షరాలన్నీ తమిళంలోనే నేర్చుకుంది. పత్రికా తమిళంలోనే వచ్చేది. మైనపు కాగితం మీద అక్షరాలు కోసి, సిరా రుద్ది తీసే ప్రతులు. పత్రిక వచ్చిన వారమంతా ఆమె గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు.

సింగనల్లూరు వైపు ఒక నూలు మిల్లు. దాని వెనకాల మిల్లువాళ్లు కట్టించిన లైను ఇళ్లు. రాసాత్తి నాయన వేలుసామి ఆ మిల్లులోనే స్పిన్నింగులో పనిచేసేవాడు. లైనులో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల ఆమె. అందుకని పత్రిక వచ్చినప్పుడల్లా వేలుసామి దాన్ని గట్టిగా చదివించుకునేవాడు. పక్కింటివాళ్లు గడపలో కూర్చుని వినేవాళ్లు.

కల్యాణసుందరం ఆమెను ఊరంతా తిప్పాడు. ఒకసారి పెద్దాసుపత్రి బయట రోగుల వరుస దగ్గరకు పంపాడు, ఒకసారి తుడియలూరులో నీళ్ల పంపులు చేసే షెడ్డుకు. మనుషులు మాట్లాడేదాకా నిలబడడం, మాట్లాడేటప్పుడు అడ్డం రాకపోవడం నేర్పాడు. అన్నిటికన్నా గట్టిగా ఒకటి నేర్పాడు. "పేరు లేని మాట గాలి మాట. చెప్పినవాళ్ల పేరు అడుగు. రాసేదానికి ఒప్పుకుంటారా అని అడుగు. ఒప్పుకుంటేనే రాయి."

ఆమె రెండో ఏడాది చదువుతుండగా మిల్లు బ్లో రూములో నిప్పంటుకుంది. పత్తి బేళ్లు విప్పి దూది శుభ్రం చేసే చోటు అది. గాలిలో ఎప్పుడూ దూది తేలుతూనే ఉంటుంది. మధ్యాహ్నం షిఫ్టులో పొగ లేచింది. మిగతావాళ్లు ముందు తలుపు గుండా బయటపడ్డారు. వెనక మూల మిషను దగ్గరున్న మారి బయటపడలేకపోయాడు. మారిది రాసాత్తి వాళ్ల లైనులోనే చివరి ఇల్లు.

మారి బీడీ ముట్టించాడనీ, అందుకే నిప్పంటుకుందనీ మిల్లువాళ్లు నోటీసు అంటించారు.

దినాలు కాకముందే మారి పెళ్లాం పళనియమ్మాళ్ రాసాత్తి ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ మారన్న బీడీ తాగినాడని సెప్పుతాండారు, రాసాత్తీ. పళనికి కావడి ఎత్తినప్పట్నించి ఆ మనిసి బీడీ ముట్టలే. దొంగను సేసి పంపుతాండారే సచ్చినోణ్ణి! నీవు పేపర్లో రాస్తావంట గదా. ఎవురైనా ఏమైనా సూసినారేమో అడుగు పాప."

రాసాత్తి అడిగింది. మగవాళ్లు నేల చూశారు. ముందు తలుపు గుండా పరిగెత్తిన వాళ్లకు వెనక ఏం జరిగిందో నిజంగానే తెలియదు. తెలిసింది ఒక్క మనిషికి. రాజమ్మాళ్. మిల్లు వెనక పెరట్లో వేస్టు దూది ఊడ్చే మనిషి. రాసాత్తికి వరసకు అత్త. ఆమె గుమ్మంలో చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అరచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"లోపల్నించి తలుపు కొడతానే ఉండాడు. నేను పరిగెత్తుకోని పోయి లాగినా. రాలే. సూస్తే బీగం. బయట బీగం ఏసి పెట్టుండారు. పత్తి ఎవురైనా ఎత్తకపోతారని ఆ తలుపుకు ఎప్పుడూ ఏసే పెడతారు. బీగంచెవి మేస్త్రి కాడ. మేస్త్రి వచ్చేలోపల..." ఆమె గుడ్డ విప్పి చెయ్యి చాపింది. కాలిన ఇనుప రింగు పట్టి లాగిన చోట చర్మం ఊడి ఎర్రగా ఉంది. "కొట్టడం నిలిచిపోయినాక గూడా లాగతానే ఉంటిని."

రాసాత్తి ఒక్కో మాటా రాసుకుంది. ఆ తర్వాత సారు నేర్పిన ప్రశ్న అడిగింది. "అత్తా, నీ పేరు రాసేదా?"

"రాయి. కండ్లతో సూసింది సెప్పేదానికి నాకేం బయం?"

ఆ వార్తలో కల్యాణసుందరం ఎర్ర పెన్సిలు ఎక్కడా ఆనలేదు. రెండుసార్లు చదివాడు. "ఆమె ఒప్పుకున్నదా?" అని ఒక్క మాట అడిగి, ప్రతుల గదికి పంపేశాడు.

కాలేజీలో చదివి పారేసే పత్రిక ఈసారి కాలేజీ దాటింది. ఎవరో ఒక ప్రతి తెచ్చి మిల్లు గేటు ఎదుటి టీ కొట్టు గోడకు అంటించారు. వేలుసామి లైనులో నిలబడి తనే చదివాడు. రాజమ్మాళ్ తన పేరు వచ్చిన చోటు మళ్లీ చదవమంది. పళనియమ్మాళ్ గోడకానుకుని కళ్లు మూసుకుని వింది. చదవడం అయిపోయాక రాసాత్తి తల మీద చెయ్యి పెట్టింది. అంతకు మించిన బహుమతి ఆమెకు ఆ తర్వాత ఎన్నడూ దొరకలేదు.

రాజమ్మాళ్ కొడుకులిద్దరూ మిల్లులో బదిలీలు. అంటే శాశ్వత పనివాళ్లు రాని రోజున గేటు దగ్గర నిలబడితే, పేరు పిలిస్తే లోపలికి పోయి పనిచేసే కూలీలు. ఆ వారం తిరగకముందే వాళ్ల పేర్లు పిలవడం మానేశారు. రోజూ పొద్దున్నే పోయి నిలబడడం, గేటు మూశాక ఇంటికి రావడం. చిన్నవాడు ఒకనాడు మేస్త్రిని అడిగితే, "మీ అమ్మ పెద్ద పేపరు మనిషి అయింది కదరా, ఆమెనే అడుగు" అన్నాడట.

కుళాయి దగ్గర బిందె నింపుకుంటున్న రాసాత్తి పక్కకు వచ్చి నిలబడింది రాజమ్మాళ్.

"నేను సెప్పలేదని రాయి."

"అత్తా! నీవే కదా సెప్పినావు?"

"సెప్పినా. ఇప్పుడు సెప్పలేదంటాండా. సచ్చినోడు ఎట్లాగూ తిరిగి రాడు. నా బిడ్డలు గేటు కాడ నిలబడి నిలబడి వస్తాండారు. వాండ్ల మొకం సూడలేకుండా ఉండా." ఆమె గొంతు తగ్గించింది. "నీకు దండం పెడతా రాసాత్తీ. నీవు రాసిందే గదా, నీవే తుడిచెయ్యి."

కాలిన చెయ్యికి ఇంకా గుడ్డ ఉంది. ఆ చేతిని రెండో చేతితో కలిపి నిజంగానే దండం పెట్టబోయింది. రాసాత్తి పట్టుకుని ఆపింది.

రాసాత్తి ఆ సంగతి కల్యాణసుందరానికి చెప్పింది. "'రాజమ్మాళ్ ఇప్పుడు తాను ఆ మాట చెప్పలేదంటున్నది' అని వేద్దాం. అది అబద్ధం కాదు. ఆమె ఇప్పుడు అంటున్న మాటే కదా. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ రాయవద్దు" అన్నాడు. రాసాత్తికి ఊపిరి వచ్చింది. ఇరుకు సందులోంచి పోవడానికి ఒక దారి ఉందనుకుంది.

ఆ దారి ప్రిన్సిపాలు గదిలో మూసుకుపోయింది. అక్కడ మిల్లు ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. కాలేజీ కొత్త భవనం మిల్లు యజమానులు కట్టించింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తే పని కూడా లేదు. ప్రిన్సిపాలు కల్యాణసుందరం రాసిన వాక్యం చదివి పక్కన పెట్టాడు. టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు జరిపాడు. రాజమ్మాళ్ తెలుగులో అన్న 'బీగం' అనే మాటకు తలుపు మూసి ఉందని మాత్రమే అర్థమనీ, పత్రిక విద్యార్థిని దాన్ని తప్పుగా అర్థం చేసుకుని తమిళంలో 'తాళం వేశారు' అని రాసిందనీ, అందుకు విచారిస్తున్నామనీ అందులో ఉంది.

"ఇందులో నీ తప్పు పెద్దగా లేదమ్మా" అన్నాడు మిల్లు పెద్దమనిషి, ఎంతో నెమ్మదిగా. "మీ ఇళ్లలో మాట్లాడేది పూర్తి తెలుగూ కాదు, పూర్తి తమిళమూ కాదు. పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి."

కల్యాణసుందరం ముందుకు వంగాడు. "సార్, బీగం అంటే మా భాషలో..."

"మిస్టర్ కల్యాణసుందరం, మీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం నా బల్ల మీదే ఉంది. ఈ నెలలోనే కదా?" అన్నాడు ప్రిన్సిపాలు.

కల్యాణసుందరం వెనక్కి ఆనుకున్నాడు. ఆయన ఇంకేమైనా అంటాడేమోనని రాసాత్తి చూసింది. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. మదురైలో తల్లి మంచాన పడి ఉందనీ, ఆమెను ఇక్కడికి తెచ్చుకోవడానికి ఇల్లు వెతుకుతున్నాననీ ఆయన ఈమధ్యనే చెప్పాడు. రాసాత్తికి ఆయన మీద కోపం రాలేదు. రావలసిన కోపం రానందుకు ఏదో భయం వేసింది.

"ఇది వేస్తే రాజమ్మత్త కొడుకులను లోపలికి పిలుస్తారా?" అని మిల్లు పెద్దమనిషిని అడిగింది.

"పిలుస్తారు."

ప్రమాదం మీద విచారణకు అధికారి ఎవరో వస్తాడు, పెద్దవాళ్లు చూసుకుంటారు, తలుపు సంగతి ఇంకెవరైనా చెప్పకపోతారా అని మనసుకు సర్దిచెప్పుకుంది. సంతకం చేసింది. ఆ విచార ప్రకటన అక్షరాలను మైనపు కాగితం మీద తనే కోసింది. కల్యాణసుందరం ఆ పూట ప్రతుల గదికి రాలేదు.

రాజమ్మాళ్ కొడుకులను పిలిచారు. ఆ మాట నిలబెట్టుకున్నారు.

విచారణకు రాజమ్మాళ్ పోలేదు. తలుపు సంగతి ఇంకెవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. పళనియమ్మాళ్ మాత్రం పోయి, తన మొగుడు బీడీ తాగడని మళ్లీ మళ్లీ చెప్పింది. మిల్లు వకీలు కాలేజీ పత్రిక ప్రతులు రెండూ అధికారి ముందు పెట్టాడు. మొదటిది వదంతి అని, రెండోది దానికి జవాబు అని. మారి అజాగ్రత్తే కారణమని తీర్పు వచ్చింది. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పాక వేలుసామి పత్రిక గురించి కూతుర్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మిల్లులో పనిచేసే మనిషి లేని కుటుంబం మిల్లు ఇంట్లో ఉండకూడదు. పళనియమ్మాళ్ సామాన్లు మూటలు కట్టింది. ఒట్టన్‌చత్రం కూరగాయల మండీలో ఆమె అన్న మూటలు మోసేవాడు. అతను వచ్చి పిల్లల్ని బండి ఎక్కించాడు. బండి కదిలే ముందు ఆమె దిగి నడుచుకుంటూ రాసాత్తి గడప దాకా వచ్చింది. ఏడవలేదు. గొంతులో కోపం కూడా లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"రాసాత్తీ, బీగం అంటే నీకు తెలీదా? మన ఇండ్లల్లో రోజూ అనే మాటే గదా."

రాసాత్తి గడప దిగి ముందుకు వచ్చింది. అప్పటికే పళనియమ్మాళ్ తిరిగి పోయి బండి ఎక్కింది.

ఆ తర్వాత రాసాత్తి పత్రికకు రాయలేదు. కల్యాణసుందరం ఉద్యోగం ఖాయమైంది. తల్లి వచ్చింది. వరండాలో ఎదురైతే ఆయన తెలుగులో పలకరించడం మానేశాడు. డిగ్రీ అయ్యాక మాత్రం మదురైలో ఒక తమిళ దినపత్రిక వాళ్లకు ఆయనే చెప్పాడు. ఆమెను ప్రూఫులు దిద్దే పనికి తీసుకున్నారు. కొన్నేళ్లకు విలేకరిని చేశారు. ధరవరలు, వానలు, రోడ్డు ప్రమాదాలు రాసేది. తప్పుల్లేకుండా రాస్తుందని ఆఫీసులో పేరు వచ్చింది. ఎవరితోనూ నవ్వదని కూడా.

టమాటా ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోస్తున్నారని ఒకసారి ఆమెను ఒట్టన్‌చత్రం పంపారు. మండీలో కుళ్లినవీ మంచివీ వేరు చేస్తున్న ఆడవాళ్ల మధ్య పళనియమ్మాళ్ కనిపించింది. జుట్టు నెరిసింది. రాసాత్తిని చూడగానే గుర్తుపట్టింది.

"బాగుండావా?" అంది, చేతులు ఆపకుండా.

"ఉండానక్కా. పిల్లలు?"

"పెద్దోడు దిండిగల్లులో తోలు కార్ఖానాలో ఉండాడు. చిన్నది ఈడనే, నాతో."

రాసాత్తి పక్కన చతికిలబడింది. ఇన్నేళ్లూ మనసులో కూర్చుకున్న మాటలన్నీ కలగాపులగం అయ్యాయి. "రాజమ్మత్త పోయిందక్కా. మిల్లు గూడా మూసేసినారు. ఇప్పుడు రాస్తా. జరిగింది జరిగినట్టు రాస్తా. పెద్ద పేపరు ఇది, ఊరంతా సదువుతారు."

పళనియమ్మాళ్ ఒక పండు ఒత్తి చూసి కుళ్లు గంపలోకి విసిరింది.

"ఎవురికి?" అంది.

వెనకనుంచి లారీ హారను మోగింది. మూటలవాళ్లు కేకలు పెట్టారు.

"జరుగు పాప, లోడు వస్తాండాది" అని పళనియమ్మాళ్ గంప లాక్కుని అవతలికి పోయింది.

రాసాత్తి లేచి చీర దులుపుకుంది. కమీషను కొట్టు దగ్గరకు పోయి ఆనాటి ధర అడిగింది. చెప్పినాయన పేరు అడిగింది, రాసుకోవచ్చా అని అడిగింది. రాసుకుని మదురై బస్సు ఎక్కింది.