దులిపిన కాగితం

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో మా ఆయనకు చెబుదామని రెండు మాటలు మొదలుపెట్టి, పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లిపోయాను. మళ్లీ ఎత్తలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. ఏళ్ల తరబడి గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్న బరువు ఇది. చెప్పుకుంటే చిన్నదే. ఒక కాగితం మీద కాస్త బొగ్గుపొడి చల్లాను. అంతే. అంతేనా?

అప్పుడు విశాఖపట్నంలో పెయింటింగ్‌లో పీజీ చేస్తున్నాను. విజయనగరం అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం మాది. గోపాలపట్నంలో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. బొమ్మలు వేయడం వచ్చు, పరిశోధన అంటే ఏమిటో రాదు. రీసెర్చ్ మెథడాలజీ అని ఒక పేపరు ఉండేది. బొమ్మలేసేవాళ్లకి ఇదెందుకని అందరం విసుక్కునేవాళ్లం. మా గైడు మాత్రం ఓపిగ్గా చెప్పేవారు. బొమ్మలో మీ ఇష్టం మీది, పరిశోధనకొచ్చేసరికి ఏం చేశారో, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి, అనుకున్నది రాకపోతే రాలేదని రాయాలి, అది కూడా మీకు దొరికిన విషయమే అనేవారు. నేను తలూపేదాన్ని. పరీక్షలో ఆ ముక్కే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కూడా.

నా ప్రాజెక్టు ఇదీ. ఊరి చివర ఒక కాలనీ, దాని పక్కన ఎవరిదో ప్రైవేటు బొగ్గు యార్డు. ఎప్పుడు చూసినా లారీలే. ఉదయం ఆరేసిన బట్టలు సాయంత్రానికి నల్లబడేవి. ఆ ఇళ్ల డాబాల మీద తెల్ల డ్రాయింగ్ షీట్లు పరిచి, వారం వదిలేసి, పడిన మసి రాలిపోకుండా మందు కొట్టి, ఆ షీట్లనే బొమ్మలుగా ప్రదర్శించాలి. నేను ఒక్క గీత కూడా గీయకూడదు. ప్రతి షీటు కింద ఆ ఇంటివాళ్ల పేరు ఉండాలి. గైడుకి ఈ ఆలోచన ఎంతో నచ్చింది. నీ చెయ్యి తగలకపోవడమే ఇక్కడ నీ పద్ధతి, అది మరిచిపోకు అన్నారు.

ఆ కాలనీలో నన్ను మొదట ఇంట్లోకి రానిచ్చింది నూకరత్నం. గుమ్మం ముందు పొయ్యి పెట్టుకుని ఇడ్లీలూ అట్లూ అమ్మేది. భర్త యారాడ వైపు ఆటో నడిపేవాడు. ఒక్కతే కూతురు, శాంతి. బడికి వెళ్లే పిల్ల, చలికాలం వస్తే ఆయాసం. నూకరత్నమే నన్ను ఇంటింటికీ తిప్పింది. షీట్లు ఎగిరిపోకుండా మూలలకి ఇటుక ముక్కలు పెట్టించింది.

వారం తర్వాత షీట్లు తీసుకోవడానికి వెళ్లాను. అన్నీ బూడిదరంగుకి తిరిగి ఉన్నాయి, ఇటుకలున్న మూలలు తప్ప. నూకరత్నం డాబా మీది షీటు మాత్రం తెల్లగా ఉంది. ఇదేమిటక్కా అన్నాను.

“నీ కాగితం మాసిపోతందని రోజూ పొద్దున్నే గుడ్డెట్టి దులిపీసినానమ్మా” అంది నవ్వుతూ. “బొమ్మలేసుకునే పిల్లవి, నల్లగైపోతే మరేటికి పనికొత్తాది?”

నేనూ నవ్వాను. నా పరిశోధన అంతా ఆ మాటలోనే ఉందని ఇప్పుడు నా విద్యార్థులకైతే చెబుతాను. ఆ తెల్ల షీటునే గోడకి పెట్టి, ఈ ఇల్లాలు రోజూ మసి దులుపుతుంది, అలవాటుగా దీన్నీ దులిపింది అని కింద రాస్తే చాలు. అప్పుడు తట్టలేదా? తట్టింది. మీ దగ్గర కూడా అబద్ధమాడితే ఇక ఇది రాయడం ఎందుకు? తట్టింది, కానీ ప్రదర్శన దగ్గరపడింది, తెల్ల షీటు గోడ మీద వెలవెలబోతుందని భయం వేసింది.

బొమ్మలు గీసే బొగ్గు నూరాను. పాత చున్నీ గుడ్డలో వేసి ఆ షీటు మీద జల్లించాను. మూలలకి ఇటుక ముక్కలు పెట్టడం కూడా మరిచిపోలేదు. చెయ్యి తిరిగినదాన్ని కదా, మిగతా అన్నిటికంటే అదే అందంగా వచ్చింది. గైడు దాని ముందు చాలాసేపు నిలబడి, నా భుజం తట్టారు. నాకు బాధ కలిగిందా? లేదు. సంతోషం కలిగింది. ఇన్నేళ్లూ నన్ను తినేస్తున్నది ఆ సంతోషమే.

ప్రదర్శనకి నూకరత్నం మంచి చీర కట్టుకుని, శాంతిని వెంటబెట్టుకుని వచ్చింది. షీటు కింద తల్లి పేరు శాంతి చదివి వినిపించింది.

“ఇది మా ఇంటిదేనా?”

“అవునక్కా.”

“నాను రోజూ దులిపీసినాను కదమ్మా. దులిపినా ఇంత పడిపోనాదా?”

ఆమె శాంతి వైపు తిరిగింది.

“అయితే ఈ పిల్ల గుండెల్లోకి ఎంత పోతన్నాదో” అంటూ, ఏ దుమ్మూ లేని ఆ హాల్లో, కొంగుతో కూతురి ముక్కూ నోరూ మూసింది.

ఒక్క వాక్యం చాలు. అక్కా, అది నేను చల్లిన పొడి అంటే చాలు. గైడు అక్కడే ఉన్నారు. నేను తల దించుకున్నాను. ఆమె దాన్ని జాలి అనుకుని ఉంటుంది.

బడి సెలవులివ్వగానే శాంతిని బొబ్బిలి దగ్గర అమ్మమ్మగారింటికి పంపేసింది, అక్కడే ఉండి చదువుకొమ్మని. ఆటో ఎక్కనని పిల్ల ఏడ్చిందట. ఆ పిల్లకి మంచి గాలి దొరికిందిగా, నా అబద్ధం మేలే చేసిందిగా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నిజం తెలిసినా నూకరత్నం అలాగే పంపేదేమో. పంపకపోయేదేమో. తల్లిగా తేల్చుకోవలసింది ఆమె. నా బొగ్గుపొడి చూసి తేల్చుకునేలా చేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కొన్నాళ్లకి కాలనీవాళ్లు యార్డు మీద ఫిర్యాదు చేయడానికి అధికారుల దగ్గరికి వెళ్దామనుకున్నారు. నూకరత్నం మరో ఇద్దరు ఆడవాళ్లతో నా గదికొచ్చింది.

“ఆ కాగితాలిత్తే సూపిత్తాం. నువ్వొచ్చి ఎలాగ పట్టినావో సెప్పు, సాలు.”

ఎవరైనా ఆమె షీటుని పరీక్షిస్తే? దాన్ని ఒక్కదాన్నీ దాచి మిగతావి ఇస్తే, అందరూ ముందు అడిగేది దాన్నే. కాలేజీ భాష పక్కనపెట్టి, నమ్మకం కుదరాలని మా ఊరి యాసలో అబద్ధమాడాను. “వానకి గది కారిపోనాదక్కా. అన్నీ తడిసిపోనాయి.”

ఆమె కూర్చున్న మంచం కిందే ఉన్నాయి ఆ షీట్లు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“అయ్యో, నీ కట్టమంతా పోనాదా అమ్మా. పోన్లే, ఏడవకు.”

ఉత్త చేతులతో వెళ్లి, చూస్తామన్న మాట విని తిరిగొచ్చారట. షీట్లు ఉంటే పని జరిగేదని నేననలేను. జరిగేదో లేదో ఎప్పటికీ తెలియకుండా చేశాను.

ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో ఆ మెథడాలజీయే చెబుతున్నాను. ఉన్నదున్నట్టు అనే మాట వచ్చినప్పుడు బోర్డు వైపు తిరుగుతాను. ఈ మధ్య జాలరిపేటలో చేపలు కొంటుంటే, కాస్త అవతల నూకరత్నం కనిపించింది. జుట్టు నెరిసింది. చేపలామెతో బేరమాడుతోంది. చేతిలో సంచీ అక్కడే వదిలేసి పక్క సందులోకి తిరిగిపోయాను.

రేపు వెళ్లి ఆమెకి చెబుతానని మీకు మాట ఇవ్వను. అలాంటి మాటలు నాకు నేను చాలా ఇచ్చుకున్నాను. ఇక్కడ రాయడం ధైర్యం కూడా కాదు, ఇది ఆమె చదవదు. అయినా రాస్తున్నాను. నూకరత్నం పేరు కింద పెట్టిన షీటు మీది మసి ఆమె ఇంటిది కాదు, నేను చల్లింది. మిగతావన్నీ నిజమైనవి. అవి తడవలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

మనసు కొంచెం తేలికైంది. తేలికపడే హక్కు నాకుందా అంటే, తెలియదు. అయినా తేలికైంది.