మనిషి కావలసిన మిషన్

కరోనా గోల సద్దుమణిగిన తర్వాతి ఎండాకాలం. అనంతపురంలో టీ, కాఫీ వెండింగ్ మిషన్లు అమ్మి, రిపేర్లు చేసే మా కొట్లో ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆగడం లేదు. ఆ మధ్యాహ్నం వజ్రకరూరు నుంచి నాగవేణి అనే ఆమె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. రోడ్డు పక్కన ఉగ్గాని, బజ్జీ అమ్మే హోటలు ఉందట. అందులో టీ మిషన్ పెట్టాలనుకుంటోంది.

మిషన్ కొనేవాళ్లను ముందు నాలుగు మాటలు అడగడం నా అలవాటు. టీలు ఏ మాత్రం పోతాయి, కరెంటు ఎలా ఉంటుంది, నీళ్లు ఎక్కడివి, చూసుకునేది ఎవరు. మా జిల్లాలో నీళ్ల సంగతి తప్పకుండా అడగాలి. బోరు నీళ్లు పోస్తే బాయిలర్ లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. దాన్ని మేము స్కేలింగ్ అంటాం. ఫిల్టరు నీళ్లు పోయండయ్యా అని మొత్తుకున్నా వినరు, మిషన్ చెడిపోయాక నా మీద అరుస్తారు.

ఆమె చెప్పిందంతా విని ప్రీమిక్స్ మిషన్ చూపించాను. పాలపొడి, చక్కెర, టీ కలిపి వచ్చే ప్యాకెట్టును అందులో పోస్తే చాలు. బటన్ నొక్కితే వేడినీళ్లతో కలిసి టీ పడుతుంది. ఒక్కతే హోటలు నడుపుకునే ఆడమనిషికి అంతకంటే సుఖమైనది నా దగ్గర లేదు.

ఆమె దాని చుట్టూ తిరిగి చూసి, "దీనికి మనిషి అక్కరలేదా అన్నా?" అంది.

"అక్కరలేదమ్మా. నువ్వు బజ్జీలు వేసుకుంటా ఉండు. వచ్చినోళ్లే నొక్కుకుంటారు."

"అయితే నాకొద్దు. మనిషి లేకుంటే నడవని మిషన్ ఉంటే ఇయ్యి."

ఇన్నేళ్ల వ్యాపారంలో ఆ మాట ఎవరి నోటా వినలేదు. "పని తప్పించుకునేకే గదమ్మా మిషన్ కొనేది! ఎండకు తల తిరగలేదు గదా?" అని వేళాకోళమాడాను. ఆమె నవ్వలేదు.

"మా ఆయన కోసరం అన్నా. వానొస్తే రాళ్లేరుకుంటా చేన్లెంబడి పోతాడు. ముందు వానలప్పుడే పోతాండె. ఇప్పుడు ఎండల్లో గూడా పోతాండాడు. శెనక్కాయ పెట్టే చేను బీడు పడేసినాడు. ఇంట్లో మొగమనిషి ఉండాడని మర్చిపోయినా అన్నా. మిషన్లంటే ఆయనకు శానా ఇష్టం. చేతినిండా పనుంటే ఈడ నిలబడతాడేమోనని."

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో వజ్రాలు తేలతాయని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. చేలగట్ల మీదే వండుకుని తింటూ, పొద్దంతా నేల చూస్తూ నడుస్తారు. దొరికినోడు నోరు విప్పడు, దొరకనోడు ఇల్లు చేరడు అని ఆ పక్క ఒక మాట ఉంది. ఆమె భర్త ఓబులేసు ఆ రెండో రకం.

ఇక ఆమెతో వాదించబుద్ధి కాలేదు. ఫ్రెష్ మిల్క్ మిషన్ చూపించాను. దానికి పాలు కాచి ట్యాంకులో పోయాలి. డికాక్షన్ వేరుగా దించాలి. పైపులు రోజూ విప్పి కడగాలి. ఒక్క పూట మరిచినా పాలు పట్టుకుని కంపు కొడుతుంది. "పసిబిడ్డ మాదిరి చూసుకోవాలమ్మా దీన్ని" అన్నాను. "అదే కావాల" అంది.

మిషన్ బిగించడానికి నేనే వెళ్లాను. ఓబులేసు బక్కపలచగా ఉన్నాడు, మొహం ఎండకు మాడిపోయి ఉంది. కానీ మిషన్ మూత తెరవగానే పక్కకు వచ్చి కూర్చున్నాడు. "ఏమప్పా, ఈ పైపు యాడికి పోతాది?" అని ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్నాడు. మొదటి టీ పట్టి నాకిచ్చాడు. పొయ్యి దగ్గరున్న నాగవేణి బజ్జీలు తిప్పడం మరిచి మొగుణ్ణే చూస్తోంది. "తాగన్నా, మా ఆయన చేసినాడు" అంది. బజ్జీలు మాడిన వాసన వచ్చాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ ఎండాకాలమంతా ఓబులేసు చిన్న చిన్న అనుమానాలకు కూడా ఫోన్ చేసి నా ప్రాణం తీశాడు. విసుక్కునేవాణ్ణి గానీ, లోపల సంతోషంగానే ఉండేది. లారీ డ్రైవర్లు టీ కోసం బండ్లు ఆపుతున్నారట. ఒకసారి నాగవేణి ఫోన్ అందుకుని, "ఇంట్లో మాటలు వినపడతాండాయన్నా" అంది.

తర్వాత వాన పడింది.

టీ వ్యాపారానికి వానే సీజను. వజ్రకరూరులో జనం దిగేదీ అదే వానకు. హోటలుకు ఓబులేసు ఎక్కువ అవసరమైన రోజూ, ఓబులేసు కాలు ఇంట నిలవని రోజూ ఒకటే అయ్యాయి. ఈ సంగతి ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆశ మీదున్న మనిషికి ఎదురుగా ఉన్నది కనబడదు.

మిషన్ లోంచి టీ రావడం లేదని ఆమె ఫోన్ చేస్తే వెళ్లాను. హోటలు ముందు జాతరలా జనం. ఆమె ఒక్కతే అటు బాణలి, ఇటు గిరాకీ చూసుకోలేక సతమతమవుతోంది. మిషన్ తెరిస్తే విరిగిన పాలు పైపుల నిండా గడ్డకట్టి ఉన్నాయి.

"యాడమ్మా ఆయన?" అన్నాను.

ఆమె గరిటెతో చేల వైపు చూపించింది. దూరంగా ఎంతోమంది వంగి నడుస్తున్నారు. "ఆ వంగినోళ్లల్లో ఒకడన్నా. ఎవురో నాక్కూడా తెలవడంల్యా."

"నేను పోయి చెప్పి చూస్తా" అన్నాను.

"వద్దు. కాళ్లు పట్టుకున్నా. ఈ ఒక్క వాన అంటాడు. నువ్వు ఈ మిషన్ తీసుకపోయి, మనిషి లేకున్నా నడిచేది ఇయ్యన్నా."

వారం తిరక్కుండానే ప్రీమిక్స్ మిషన్ తీసుకెళ్లాను. బిగించి పక్కకు జరిగానో లేదో ఓబులేసు వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. నన్ను చూసి తల వంచుకున్నాడు. ఊరుగాని ఊరి జనంతో పాటు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక బటన్ నొక్కి టీ పట్టుకున్నాడు. నిలబడే తాగాడు. అందరి మాదిరే చిల్లర బల్ల మీద పెట్టి, మళ్లీ చేల వైపు నడిచాడు. నాకు దుఃఖం వచ్చింది.

ఏ వ్యాపారానికి ఏ మిషన్ పనికొస్తుందో నేను చెప్పగలను. మనిషిని ఇంటిపట్టున నిలిపే మిషన్ ఏ కంపెనీ చేయలేదని ఆ రోజు తెలుసుకున్నాను. అలాంటి ఆశ పెట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ఆ మాట ముందే చెప్పి, ఆ తర్వాతే మిషన్ చూపిస్తున్నాను.

ఆ రోజు ఓబులేసు అటు వెళ్లగానే నాగవేణి ఆ చిల్లర తీసి గల్లాపెట్టెలో వేసింది. మనసాగక అడిగాను. "ఆయన దగ్గర గూడా దుడ్లు తీసుకుంటావామ్మా?"

"గిరాకీ అనుకుంటే సాయంత్రం ఎదురుచూసే పని ఉండదన్నా" అంది.