బావగారిని అడిగిన కాగితం

మొన్న తాడేపల్లిగూడెంలో మా మేనకోడలి కూతురి పెళ్లికి వెళ్ళాను. పంతులుగారు మంత్రాలు చదివి తాళి కట్టించాక మా సంఘం అయ్యగారు, అంటే చర్చి పాస్టరుగారు, కూడా వచ్చి పిల్లలిద్దరి తలల మీద చేతులుంచి ప్రార్థన చేశారు, సంఘపెద్దలు నలుగురూ బంతిలో కూర్చుని మారు వడ్డించుకుని మరీ భోంచేశారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. వయసు మీద పడింది, అరగదు కాబోలని పక్కవాళ్ళు సర్దిచెప్పుకున్నారు. నాతోపాటు ఆ రోజుల సంఘాల్లో పెరిగినవాళ్ళకైతే కారణం సగం తెలిసిపోతుంది, మిగతా సగం నేనే చెప్పుకోవాలి.

అప్పట్లో నేను మండవల్లిలో బడిపంతులుని, మా సంఘానికి సెక్రటరీని. గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు పంచుకుని చెప్పడం మన పద్ధతి కదా, అందులో రెండో మాట, పక్క సిలువ మీది దొంగకు పరదైసు, అంటే స్వర్గం, ఇచ్చిన మాట, ఏటా నాదే. ఆ దొంగకు బాప్తిస్మం లేదు, ఒక్క మంచిపనీ లేదు, నన్ను మరచిపోవద్దని అడిగితే చాలింది, మన శిక్షంతా ఆయనే మోశాడు గనక మనం కలపవలసింది ఏమీ మిగల్లేదు అని నేను చెబుతుంటే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. మా అక్క భర్త, కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే బావగారు, చివరి బెంచీ మీద కూర్చుని కదలకుండా వినేవారు.

వాళ్ళమ్మాయి, అంటే ఇందాక చెప్పిన మేనకోడలే, గూడెంలో కిరాణా వ్యాపారం చేసే హిందూ కుటుంబంలోని అబ్బాయిని ఇష్టపడింది. పెళ్లి గుళ్లో అన్నారు. అలాంటి పెళ్లికి వెళ్ళినవాళ్ళను ప్రభువు బల్లకు రానివ్వకపోవడం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకపోవడం అప్పటి మా కట్టుబాటు. మళ్ళీ రావాలంటే తప్పయిందని కాగితం రాసి సంతకం పెట్టాలి. సెక్రటరీ అక్కే వెళ్ళిందంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలని నేనే వాళ్ళింటికి వెళ్ళి చెప్పొచ్చాను. అక్క ఆగిపోయింది. కన్నతల్లిని కూతురి పెళ్లికి వెళ్ళకుండా చేసినవాణ్ణి నేను. బావగారు ఒక్కరే ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కి వెళ్ళి పెళ్లి చూసి, మర్నాడు పనిలోకి పోయారు. ఆ ఆదివారమే ఆయన పేరు మినిట్స్ పుస్తకంలో నా చేత్తో రాశాను.

అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం, మేము రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్యకు వచ్చేలోపే ఆయన లేచి వెళ్ళి వరండా మెట్టు మీద కూర్చునేవారు. ఒక్కనాడూ మొహం ముడుచుకోలేదు. గుడ్ ఫ్రైడేకి నా ప్రసంగం విని బాగా చెప్పావయ్యా అని వీపు తట్టేవారు కూడా. అప్పుడు నాకు సిగ్గు వేయలేదు, ఇప్పుడు అదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

రెండేళ్ళకు ఆయన మూత్రపిండాలు చెడి ఏలూరు ఆస్పత్రిలో చేరారు. ఇక ఎన్నో రోజులు లేవని డాక్టర్లు చెప్పాక, అప్పటి అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు.

"కాగితం సంగతి తర్వాత చూద్దామండీ, ముందు మనిషికి ఇచ్చొద్దాం" అన్నారు.

సొంత బావకొక న్యాయం, ఊళ్ళోవాళ్ళకొక న్యాయమా అంటారని భయపడి, ముందు సంతకం తెస్తానన్నాను. రెండు వాక్యాలు నేనే రాసి ఏలూరు వెళ్ళాను. అక్క మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఆయన కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, నవ్వారు.

"ఏమయ్యా మాస్టారూ, ఆ దొంగ చేత ఏం కాగితం రాయించుకున్నారయ్యా?"

పిల్ల పెళ్లి చూడటం తప్పని రాస్తే అబద్ధమవుతుందని, పోయేముందు అబద్ధం ఎందుకని ఆయనే నెమ్మదిగా చెప్పి, అన్నం తిన్నావా అని అడిగారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేసి, సంతకం కాలేదని అయ్యగారితో చెప్పాను. ఆ వారంలోనే బావగారు పోయారు, రొట్టె ముక్క అందకుండానే.

ఆయన పరదైసుకు చేరారన్న విషయంలో నాకు ఎన్నడూ అనుమానం లేదు. ప్రభువు ఇస్తానన్నదాన్ని మధ్యలో చెయ్యి అడ్డుపెట్టి ఆపడానికి నేనెవణ్ణి అన్నదే నా బాధ.

అక్క ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. పండక్కి పిండివంటలు పంపేది, నాకు జ్వరమొస్తే వచ్చి కూర్చునేది. మొదటి ఆదివారం మాత్రం నేను పళ్ళెం ఎత్తగానే లేచి వరండాలోకి వెళ్ళిపోయేది. ఆమెను సంఘం ఆపలేదు. ఎన్నోసార్లు బతిమాలాను. మీ బావకి దొరకనిది నాకెందుకురా అని ఒకే ఒక్కసారి అంది, చివరిదాకా ఆ మాట మీదే ఉంది.

ఆ కట్టుబాటును ఎవరూ రద్దు చేయలేదు, దానంతటదే పోయింది. ఇప్పటి కుర్ర పెద్దలకు అలాంటిదొకటి ఉండేదని కూడా తెలియదు. భక్తి తగ్గిపోయిందని నా ఈడువాళ్ళు గొణుగుతుంటే నేను కలగజేసుకోను. పోవడమే మంచిదైంది, మావాళ్ళకే ఆలస్యమైంది. ఇద్దరినీ బల్లకు దూరం చేసిన నేను మాత్రం ఇన్నేళ్ళుగా నెలనెలా ఆ రొట్టె తీసుకుంటూనే ఉన్నాను. నన్ను ఇంతవరకూ ఎవరూ కాగితం అడగలేదు.