యేసన్న చెడగొట్టిన పనులు

సోమందేపల్లె దగ్గరి ఆ చిన్న చర్చిలో యేసన్న పన్నెండేళ్లుగా వెతుకుతున్నది ఒక్కటేనని అందరూ అనుకునేవారు: దేవుడు తనకు పెట్టిన పని ఏది? ఏ పని ఇచ్చినా మూడు వారాల్లో దాన్ని చెడగొట్టి, తువ్వాలు దులుపుకుని, "ఇది నా తావు కాదప్పా" అని తప్పుకునేవాడు.

డోలక్ ఇస్తే, పాట పల్లవిలో ఉండగానే ఆయన వాయింపు చరణం దాటేది. చివరి వరసలో కూర్చునే ఓబులేష్ తట్టుకోలేక లేచి, "ఇట్లియ్యన్నా, చెవులు పగిలిపోతాండాయి" అని లాక్కున్నాడు. తాగుడు మానిన ఓబులేష్‌ను అంతవరకు ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు అతను లేనిదే పాట లేవదు.

క్రిస్మస్ విందుకు వంట అప్పగిస్తే, సాంబారులో రెండుసార్లు ఉప్పు వేసి మూడో పిడికిలి ఎత్తాడు. బయమ్మ గరిటె గుంజుకుంది.

"పక్కకు పో అన్నా! జనాల్ని సముద్రంలో ముంచుతావా?"

మొగుడు వదిలేసిన బయమ్మను అంతకుముందు ఆ పొయ్యి దగ్గరికి పిలిచినవాళ్లు లేరు.

ఇవన్నీ దివాకర్ గుమ్మం బయటి నుంచే చూశాడు. ఆదివారం అమ్మ ఆంజినమ్మను బండి మీద దింపి, ఆరాధన అయ్యేదాకా బయటే కూర్చునేవాడు. ఇంటర్ తప్పినా, పాత పేపర్ల అంగట్లో దొరికిన ప్రతి పుస్తకమూ చదివాడు. రెండేళ్ల కిందట పాస్టరుగారిని, "అయ్యా, నేను యాడ పనికొస్తానో చెప్పండి" అని అడిగాడు. "ప్రార్థనలో కనిపెట్టు నాయనా" అన్నారాయన. అట్లా ఎదురుచూసి ఎదురుచూసి విసిగాడు. ఎవరైనా పేరు పెట్టి పిలిచి ఒక్క పని చెప్తారేమోనన్న ఆశ మాత్రం చావలేదు. ఆ ఆశ మీదే అతనికి ఎక్కువ కోపం. వచ్చే నెల బెంగళూరులో గోదాము కాపలాకు చేరతానని మాటిచ్చేశాడు.

ఆ జూలైలో వాన జాడ లేదు. చేలల్లో శెనక్కాయ చెట్టు వాడిపోతోంది. ఆరాధనలో బైబిలు వాక్యం చదివే పెద్దాయన కంటి ఆపరేషనుకు పోవడంతో ఆ పని యేసన్నకు వచ్చింది. కరువులో ప్రవక్త వాన కోసం ప్రార్థిస్తూ, మబ్బు కనిపిస్తోందేమో చూసి రమ్మని పనివాణ్ణి ఏడుసార్లు పంపిన కథ ఆ వారం చదవాల్సింది. యేసన్న ఆరోసారి దగ్గర ఆగాడు.

"ఏమీ కనపడలేదు. ఆమెన్."

"ఏందన్నా, వాన రాకముందే మూసేస్తివి?" అంది బయమ్మ.

"నా చూపు అంతవరకే ఆనిందమ్మా."

తర్వాతి ఆదివారం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆపాడు. ముసలి మారెప్ప మండిపడ్డాడు. "టీవీలోవాళ్లే నయం. అబద్ధమైనా మబ్బు వస్తాదంటారు!"

మూడో ఆదివారం ఆరోసారి దగ్గర యేసన్న పుస్తకం మూయబోతుండగా, దివాకర్ చెప్పులు విడిచి లోపలికి దూసుకొచ్చాడు.

"ఇట్లియ్యి మామా! ఏడోసారి ఉండాది!"

మొదటి నుంచి చదివాడు. పనివాడు వట్టి చేతులతో తిరిగొచ్చిన ప్రతిసారీ, ఆ మాట తనదే అన్నట్టు చదివాడు. కథలో ఏడోసారి అరచేయంత మబ్బు లేచేసరికి ఆంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మారెప్ప కిటికీలోంచి ఆకాశం చూశాడు. అక్కడ ఏమీ లేదు. అయినా, "ఇంగోసారి చదువప్పా దివాకరూ" అన్నాడు.

ఆరాధన అయ్యాక దివాకర్ యేసన్నను మూలకు లాగాడు.

"మూడుసార్లూ సరిగ్గా ఆడనే ఆపినావంటే, నీకు చదువు బాగా వచ్చు గదా మామా. డోలక్ కూడా వచ్చునా?"

"మా నాయన డోలక్ వాయించే మమ్మల్ని సాకినాడు."

"మరి పన్నెండేండ్లు ఈ నగుబాటు ఎందుకు?"

"నేను బాగా చేస్తాంటే ఇంగొకరు ఎందుకు లేస్తారప్పా? నువ్వు ఇంగో వారం ఆలస్యం చేసింటే బయమ్మ నన్ను కొట్టేది."

అంతలో మారెప్ప పంట బీమా కాగితం పట్టుకొచ్చాడు. వెనక ఒకామె ఆసుపత్రి చీటీ, ఇంకొకామె మనవరాలి కాలేజీ ఉత్తరం. దివాకర్ చర్చి మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే చదివి చెప్పాడు. మధ్యలో ఫోను మోగింది. "బెంగళూరుకు నేను రాలేనన్నా, ఈడ పనుంది" అని పెట్టేశాడు.

వరసలో చివర యేసన్న నిలబడి ఉన్నాడు, అమాయకంగా ఒక కాగితం చాపుతూ. చూస్తే అది నాలుగేళ్ల కిందటి ఎవరిదో పెళ్లిపత్రిక. దివాకర్ గొంతు సవరించుకుని, ముహూర్తంతో సహా, ఒక్క అక్షరం వదలకుండా చదివి వినిపించాడు.