పక్కన పెట్టిన రిసీవర్

1999లో నేను ఒంగోలు దగ్గర ఒక పల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్‌మన్‌ని. ఎక్స్ఛేంజి అంటే ఒక గది, నేను, నా సైకిలు. ఊరికి ఫోన్లు కొత్త. అందులో మిరప రైతు ఇల్లాలు ఆదిలక్ష్మమ్మగారి ఫోను నా ప్రాణం తోడేసేది. వారానికోసారి, ఎవరు చేసినా ఎంగేజ్ అని కంప్లైంటు. తీరా నేను వెళ్ళేసరికి నిక్షేపంలా పనిచేసేది. డ్రాప్ వైరు, అంటే స్తంభం నుంచి ఇంటికొచ్చే తీగ, మార్చాను. ఫోనూ మార్చాను. ఏ పాపమూ ఎరగని ఎలుకల్ని తిట్టాను.

ఒకరోజు గుంటూరు నుంచి ఆవిడ అల్లుడు ఎక్స్ఛేంజికే ఫోన్ చేశాడు.

“అన్నా, గంట నుంచీ మా అత్తగారి ఫోను ఎంగేజ్. పద్మకి నొప్పులొచ్చాయి, ఆసుపత్రిలో చేర్చాను. ఆపరేషన్ చెయ్యాలంట. అమ్మతో మాట్లాడితేగానీ లోపలికెళ్ళనని ఏడుస్తోంది.”

రొప్పుకుంటూ సైకిలు తొక్కాను. వెళ్ళి చూస్తే రిసీవర్ మడతపెట్టిన తువ్వాలు మీద హాయిగా పడుకుని ఉంది. నాకు ఒళ్ళు మండింది.

“ఏంటమ్మా ఇది? ఫోను పెట్టకుండా పక్కన పడుకోబెట్టారేంటి?”

“పొద్దున అమ్మాయి బూత్ నుంచి మాట్లాడింది నాయనా. అది ఇంటికి చేరొద్దూ? చేరి ఉంటుందనుకున్నాకే ఫోను పెడతా, ప్రతివారం ఇంతే. పిల్ల గుమ్మం దాటగానే తలుపేసుకుంటామా ఎక్కడన్నా?”

రిసీవర్ వైపు చూపించాను.

“ఫోనుది తిరగేసిన తలుపమ్మా. పెడితేనే తీసినట్టు. ఇందాకటి నుంచీ మీ అమ్మాయి బయట నిలబడి కొడుతోంది,” అని గుంటూరు సంగతి చెప్పాను.

ఆవిడ మొహం పాలిపోయింది. గబగబా రిసీవర్ పెట్టింది. రెండు నిమిషాలకి మోగింది. అవతల పద్మే.

“భయపడకే తల్లీ. నువ్వు లోపలికెళ్ళు, నువ్వు కళ్ళు తెరిచేసరికి నేనక్కడుంటా.”

మాట్లాడటం అయ్యాక నావైపు చూసింది. నేను తలూపాకే ఫోను పెట్టింది.

“మీ బాబాయి మిరప చేలో ఉన్నాడు, కబురు చెప్పు. నేను బస్సెక్కేదాకా మాత్రం తలుపెయ్యకు నాయనా,” అంటూ సంచి పట్టుకుని పరుగెత్తింది. బస్సు మలుపు తిరిగేదాకా నేను ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ సాయంత్రం అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు.

ఊరికి ఫోను వాడకం నేను నేర్పుతున్నాననుకునేవాణ్ణి. ఊరే తన మర్యాదలు ఫోనుకి నేర్పుతోందని ఆరోజు తెలిసింది. ఆ తర్వాత ఎవరికి కొత్త కనెక్షన్ ఇచ్చినా, “మాటలయ్యాక పెట్టి ఉంచండి, మీవాళ్ళు మళ్ళీ రావాలిగా,” అని చెప్పేవాణ్ణి.

కొన్నేళ్ళకి మా ఇంట్లోకీ సెల్ వచ్చింది. హాస్టల్ నుంచి మా అమ్మాయి చేస్తే, మాటలయ్యాక ఎర్ర బటన్ నేను నొక్కను. అది నొక్కేదాకా చెవి దగ్గరే పెట్టుకుని ఉంటాను.