దారం కట్టని అరగంట

పంది పేగు ఇరవై గజాల పైమాటే. పైభాగాన సూక్ష్మజీవులు పలచగా ఉంటాయి. కిందికొచ్చేకొద్దీ వాటి జాతులు మారతాయి, పెద్దపేగులో అయితే ఇసుక వేస్తే రాలనంత కిక్కిరిసి ఉంటాయి. చెన్నకేశవులుకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఢిల్లీలో ఓ సర్కారు ప్రయోగశాలలో పద్దెనిమిదేళ్లుగా ఆయన అటెండరు. కబేళాలో పందిని కోయగానే పేగును భాగాలవారీగా దారంతో బిగించి కట్టడం ఆయన పని. ఆలస్యమైతే కిందివి పైకి చేరతాయి, లెక్కంతా గంగపాలు.

భార్య పోయి నాలుగేళ్లు. ఊరి అంచున పాలం బస్తీలో ఒంటి గది. పందిపేగులు పట్టే చెయ్యి అని అక్కడి తెలుగువాళ్లు విందుల్లో పక్కన కూర్చోరు. కూర్చోకపోతే పోనీ, ఆయనేమన్నా బతిమాలాడా? కానీ బాధ బాధే. ఆయనతో రోజుకు నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడేది ప్రయోగశాలలో పరిశోధన చేసే ఒక్క డాక్టర్ ఇంద్రాణి. 1996 చలికాలానికి ఆమె పరిశోధన ఆఖరి పందికొచ్చింది. అదయ్యాక ఆమె హైదరాబాదు వెళ్లిపోతుంది.

ఆ పంది తాలూకు గాజు పళ్లాల్లో మొలిచిన సూక్ష్మజీవుల చుక్కలు చూసి ఇంద్రాణి ముఖం వెలిగింది.

"పైభాగంలో ఇన్ని ఎప్పుడూ చూడలేదు చెన్నకేశవులు గారూ. నిజమైతే ఇంకో ఏడాది ఇక్కడే ఉండి తేల్చుకోవాలి."

ఇంకో ఏడాది! ఆయన నోరు మూసుకుంటే చాలు.

జరిగింది ఆయనొక్కడికే తెలుసు. ఆ పందిని కోసిన పొద్దున మెస్సుకు మాంసం కొనడానికి కంటోన్మెంటు జవాను ఒకడు కబేళాకొచ్చాడు. చేతులు రుద్దుకుంటూ "ఏం చలిరా సామీ" అని తనలో తాను గొణుక్కున్నాడు. చెన్నకేశవులు చేతిలో దారం అలాగే ఉండిపోయింది.

"యా ఊరు నాయనా?"

"ప్రొద్దుటూరు, పెద్దాయనా."

ఇంకేముంది, అరగంట గడిచిపోయింది.

రెండు రోజులు ఆయనకు అన్నం సయించలేదు. మూడోనాడు వెళ్లి ఇంద్రాణి బల్ల ముందు నిలబడ్డాడు.

"అది పారేయండి మేడమ్. దారం ఆలస్యంగా కట్టినా."

"మీరా? ఎందుకని?"

"తెలుగు మాట వినబడింది. నిలబడిపోయినా."

ఇంద్రాణి ఆ గాజు పళ్లాలను పక్కకు నెట్టింది. "ఠీక్ హై, ఇంకో పందిని చూద్దాం" అంది.

ఈసారి ఆయన క్షణం ఆగకుండా కట్టాడు. లెక్క పాతవాటితో సరిపోయింది. ఫిబ్రవరిలో ఆమె వెళ్లిపోయింది.

కొత్త డాక్టరు హిందీలో పని చెప్పి దూరంగా నిలుచున్నాడు. చెన్నకేశవులు పేగు అందుకుని ముడులు లెక్కపెడుతూ కట్టాడు. ఒకటి, రెండు, మూడు అని తెలుగులో, కబేళా గేటు దాకా వినబడేటంత గట్టిగా.